లండన్ కౌన్సిల్ ఇల్లు: కౌంటర్ లోపలి మనిషి రాసిన రివ్యూ

మా ఆఫీసుకి గూగుల్‌లో రెండు నక్షత్రాలు కూడా లేవు. భోజనం టైములో కూర్చుని ఆ రివ్యూలన్నీ చదివాను. ఫోన్ ఎత్తరు. ఎత్తినా ఇంకో నంబరు ఇస్తారు. ఈమెయిల్‌కి జవాబు రాదు. లోపల అందరికన్నా మర్యాదగా మాట్లాడేది సెక్యూరిటీ గార్డే అని కూడా రాశారు. నిజమే, ఆయన మంచి మనిషి. కానీ కౌన్సిల్ తక్కువ అద్దెకిచ్చే ఇల్లు ఎలా ఉందో మాత్రం ఒక్కరూ రాయలేదు. ఇల్లు దొరికినవాళ్లు రివ్యూ రాయడానికి మళ్లీ రారు కదా. ఆ లోటు నేను తీరుస్తాను.

తూర్పు లండన్‌లో ఒక కౌన్సిల్‌లో, అంటే మన మున్సిపాలిటీ లాంటి దాంట్లో, హౌసింగ్ ఆఫీసర్ని. ఏ కౌన్సిలో చెప్పను, ఉద్యోగం కావాలి. ఇల్లు పోయినవాళ్లు, పోబోతున్నవాళ్లు మొదట వచ్చేది మా కౌంటర్ దగ్గరికే. సొంతూరు విజయనగరం. రాజకీయాల విషయంలో మేం ఏ పార్టీ వైపూ మాట్లాడకూడదు. ఆ నియమం పాటిస్తాను. అలాగని నోరు కుట్టేసుకోమని ఎవరూ చెప్పలేదు.

ముందు ఇంటి సంగతి. అయిదుకి అయిదు.

మా దగ్గర రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కట్టిన ఇటుక బ్లాకులు కొన్ని ఉన్నాయి. నాలుగంతస్తులు, ముందు పొడుగ్గా బాల్కనీ, దాని వెంట వరసగా తలుపులు. తాళం చెవులు ఇవ్వడానికి వెళ్లినప్పుడు నేను మొదట చూసేది వంటింటి పక్కనుండే సామాను గది. బియ్యం బస్తాలు, పిల్లల బండి, ఇస్త్రీ బల్ల అన్నీ పడతాయి. ఈ మధ్య కట్టిన ప్రైవేటు ఫ్లాట్లలో ఆ గది వెతికినా దొరకదు. 1945 నుంచి 1951 దాకా ఆరోగ్యంతో పాటు ఇళ్ల శాఖ కూడా చూసిన మంత్రి అనైరిన్ బెవాన్ పట్టుదల అది. నేషనల్ హెల్త్ సర్వీస్ పెట్టినాయనగానే ఆయన మనకి తెలుసు. మూడు పడగ్గదుల ఇంటికి 900 చదరపు అడుగులైనా ఉండాలన్నాడాయన. దేశంలో ఇళ్లకి కటకటగా ఉన్న రోజులవి. చిన్నవి కడితే ఎక్కువమందికి వస్తాయి కదా అని సొంత లేబర్ పార్టీవాళ్లే పోరారు. వినలేదు. అప్పటిదాకా చట్టంలో ఈ ఇళ్లు 'శ్రామిక వర్గాల కోసం' అని ఉండేది. 1949లో ఆ మాట తీసేయించాడు. డాక్టరూ కూలీ ఒకే వీధిలో ఉండాలన్నది ఆయన ఆలోచన.

అద్దె విషయానికొస్తే, మా దగ్గర రెండు పడగ్గదుల కౌన్సిల్ ఇంటికి వారానికి ఇంచుమించు 130 పౌండ్లు. లండన్‌లో ప్రైవేటు అద్దె సగటు 2025లో నెలకి 2,200 పౌండ్లు దాటింది. తేడా మీరే లెక్కేసుకోండి. పైగా మొదటి ఏడాది పరీక్షగా ఉండనిచ్చాక ఇచ్చే టెనెన్సీకి సాధారణంగా గడువు ఉండదు. అద్దె కడుతూ, పక్కవాళ్లని ఇబ్బంది పెట్టకుండా ఉన్నంతకాలం ఎవరూ కదపరు.

మన తెలుగువాళ్లకి ఇది ఒక పట్టాన మింగుడుపడదు. ఒకసారి ఒకావిడ వచ్చారు. ఇక్కడే శాశ్వతంగా ఉండే ఇండెఫినిట్ లీవ్ వచ్చింది, ఇద్దరు పిల్లలు, ఇంటి ఓనర్ ఇల్లు అమ్మేస్తున్నాడు. నా బ్యాడ్జీ మీద పేరు చూసి, "మేడమ్, మీరు తెలుగువాళ్లా?" అన్నారు.

"అవునమ్మా, విజయనగరం."

"హమ్మయ్య. ఏమనుకోకపోతే ఒక్క మాట. ఈ ఇల్లు మా పేరు మీద రాస్తారా?"

"లేదమ్మా, అద్దె ఇల్లే. అద్దె కౌన్సిల్‌కి కడతారు, అంతే."

"మరి పిల్లలకేం మిగులుతుంది?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మన దగ్గర సర్కారు ఇల్లంటే పట్టా. ఇందిరమ్మ ఇల్లయినా, టిడ్కో ఫ్లాటయినా, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లయినా చివరికి ఇంటి ఆడమనిషి పేరున కాగితం రావాలి. బ్రిటన్‌లో తొంభై ఏళ్లపాటు దీనికి పూర్తి విరుద్ధంగా ఆలోచించారు. ఇల్లు ఎవరిదీ కాదు, ఊరిది. మీరు వెళ్లాక ఇంకొకళ్లు వస్తారు. 1980లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 'రైట్ టు బై' తెచ్చి ఆ ఆవిడ అడిగిన ప్రశ్నకే జవాబిచ్చింది. అద్దెకున్నవాళ్లు మార్కెట్ ధరలో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గింపుతో ఆ ఇల్లు కొనుక్కోవచ్చన్నారు. తర్వాత ఫ్లాట్లకి ఆ తగ్గింపు 70 శాతం దాకా వెళ్లింది. జనం ఎగబడి కొన్నారు. ఒక్క ఇంగ్లండ్‌లోనే దగ్గరదగ్గర ఇరవై లక్షల ఇళ్లు కౌన్సిళ్ల చేతుల్లోంచి పోయాయి.

కొన్నవాళ్లని నేను ఒక్క మాట కూడా అనను. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపినాయన తన తలుపుకి తనకి నచ్చిన రంగు వేసుకున్నాడు, తప్పేముంది? నా గొడవల్లా అమ్మిన డబ్బుతో. దాంట్లో పెద్ద భాగం కొత్త ఇళ్లకి వాడనివ్వలేదు, అప్పులు తీర్చమన్నారు. 1953 ప్రాంతంలో ఏడాదికి రెండు లక్షల పైచిలుకు ఇళ్లు కట్టిన కౌన్సిళ్లు 1990ల చివరికి దేశమంతా కలిపి కొన్ని వందలకి దిగిపోయాయి. 1979లో బ్రిటన్‌లో దాదాపు మూడిళ్లలో ఒకటి కౌన్సిల్‌ది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో లాభాపేక్ష లేకుండా అద్దెకిచ్చే హౌసింగ్ అసోసియేషన్ల ఇళ్లు కలిపినా ఆరింట ఒకటే.

మా ఆఫీసు సేవకి నక్షత్రాలు ఎందుకు రావో దీన్నిబట్టే అర్థమవుతుంది. రేషన్ షాపులో డీలరు మంచివాడే, కార్డూ అసలుదే, లోపల బస్తా లేదు. రోజంతా జనం తిట్టేది డీలరునే.

అన్నిటికన్నా నాకు కడుపు మండేది నెలాఖరు ఇన్‌వాయిస్‌ల దగ్గర. ఇల్లు పోయిన కుటుంబాలని తాత్కాలికంగా ఉంచడానికి మేం ప్రైవేటు ఓనర్ల దగ్గర ఫ్లాట్లు తీసుకుంటాం. ఒక్కో ఇన్‌వాయిస్ మీద అడ్రసు చూస్తే, అది మా కౌన్సిల్ కట్టిన బ్లాకే. ఎనభైల్లోనో తొంభైల్లోనో తగ్గింపు ధరకి అమ్మాం. అది చేతులు మారి చివరికి అద్దెకిచ్చుకునే ఓనర్ దగ్గరికి చేరింది. లండన్‌లో అలా అమ్మిన ఫ్లాట్లలో మూడో వంతుకు పైగా ఇప్పుడు ప్రైవేటు అద్దెల్లోనే ఉన్నాయి. కింద ఫ్లాటు మాది, వారానికి 130 పౌండ్లు వస్తుంది. పైన అలాంటి ఫ్లాటుకే రాత్రికి ఇంత అని లెక్కగట్టి మేమే ఎదురు కడతాం. మెట్లు ఊడ్చేది కూడా మావాళ్లే. లండన్ కౌన్సిళ్లన్నీ కలిపి తాత్కాలిక వసతికి 2023-24లో రోజుకి దాదాపు 40 లక్షల పౌండ్లు పోశాయి. అదే డబ్బుతో కట్టుకోవచ్చుగా అని మీరంటారు. మా ఫైనాన్స్ వాళ్లకీ ఆ మాట తెలుసు. కాకపోతే ఇవాళ రాత్రికి ఇల్లు లేని పిల్లల్ని మూడేళ్ల తర్వాత పూర్తయ్యే బిల్డింగులో పడుకోబెట్టలేం.

ఇక కౌంటర్ సేవ. రెండు నక్షత్రాలు, అందులో ఒకటి చట్టానికి.

చట్టం నిజంగా గొప్పది. పిల్లలున్న కుటుంబాల్లాంటివాళ్లు ఇల్లు లేక వస్తే వాళ్లకి ఇల్లు చూపించాల్సిన బాధ్యత కౌన్సిల్‌దే అని 1977లో రాసుకున్న దేశం ఇది. ఆ బిల్లు పెట్టింది స్టీఫెన్ రాస్ అనే లిబరల్ ఎంపీ. నలభై ఏళ్లకి, రోడ్డున పడకముందే 56 రోజుల నుంచి సాయం మొదలుపెట్టాలని ఇంకో చట్టం వచ్చింది. దాన్ని తెచ్చింది బాబ్ బ్లాక్‌మన్. హారో ఈస్ట్ కన్సర్వేటివ్ ఎంపీ, మన పండగల ఫొటోల్లో తరచూ కనిపించే ఆయనే. అభ్యుదయం అంటే ఫలానా రంగు జెండాదే అనుకునే మిత్రులకి ఈ రెండు పేర్లూ చెబుతుంటాను. 1950ల్లో ఇళ్ల మంత్రిగా ఏడాదికి మూడు లక్షల ఇళ్లు కట్టి చూపించిన హెరాల్డ్ మాక్‌మిలన్ కన్సర్వేటివే. కౌన్సిళ్ల అప్పు మీద ఉన్న పరిమితిని 2018లో ఎత్తేసిన అప్పటి ప్రధాని థెరెసా మే కూడా. మధ్యలో పదమూడేళ్లు అధికారంలో ఉన్న లేబర్ ప్రభుత్వం పాత ఇళ్లకి కొత్త వంటగదులు, కొత్త బాత్రూములు పెట్టించింది. మంచి పనే. కొత్త కౌన్సిల్ ఇళ్లు మాత్రం దాదాపు కట్టలేదు.

చట్టం గొప్పదైతే రెండే నక్షత్రాలెందుకు? చట్టానికీ మనిషికీ మధ్య మా కౌంటర్ ఉంది కాబట్టి. ఓనర్ ఖాళీ చేయమన్న నోటీసు పట్టుకుని వస్తారు. కోర్టు ఆర్డరు వచ్చేదాకా ఉండండి, కోర్టు తరఫున ఖాళీ చేయించే బెయిలిఫ్ తారీఖు వచ్చేదాకా ఉండండి అంటాం. ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే అలా చెప్పి పంపించడం సరికాదని ఉంది. అయినా దేశంలో చాలా కౌంటర్లలో అదే మాట వినిపిస్తుంది. పెట్టడానికి చోటు లేక ఒక్కో వారం అలా నెట్టుకొస్తుంటారు. కోర్టు ఖర్చులు మాత్రం వచ్చినాయన నెత్తిన పడతాయి. ఎవరైనా మీతో అలా అంటే, 'ఆ మాట రాతలో ఇవ్వండి' అనండి. ఉన్నట్టుండి గొంతులు మారతాయి. ఆఫీసు మనిషిగా ఇది చెప్పకూడదేమో. ఆఫీసు పేరు చెప్పలేదుగా.

తాత్కాలిక వసతికి అర నక్షత్రం. ఆ అర కూడా నెత్తిన కప్పు ఉంటుందని.

పిల్లలున్న కుటుంబాన్ని బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ హోటల్లో ఆరు వారాలకి మించి ఉంచకూడదని 2004 నుంచి రూలుంది. కౌన్సిళ్లు దాన్ని దాటుతూనే ఉన్నాయి. 2025 మార్చి చివరికి ఇంగ్లండ్‌లో 1,31,000కి పైగా కుటుంబాలు తాత్కాలిక వసతుల్లో ఉన్నాయి. అందులో పిల్లలు లక్షా అరవై వేల పైమాటే. తాత్కాలికం అన్న మాట నమ్మి సామాను విప్పకుండా కూర్చోకండి, ఏళ్లు పట్టొచ్చు. హోటల్ గదిలో వంట ఉండదు. మైక్రోవేవ్ కారిడార్ చివర ఎక్కడో ఉంటుంది. మన ఇళ్లలో అమ్మ ఉదయాన్నే రైస్ కుక్కర్ పెట్టకపోతే రోజు మొదలవదు. ఆ కుక్కరే గదిలో పెట్టకూడదని నోటీసు అంటించి ఉంటుంది. పిల్లల స్కూలు ఒక మూల, గది ఇంకో మూల. రెండు బస్సులు మారి స్కూలుకొచ్చే పిల్ల క్లాసులో నిద్రపోతోందని టీచర్లు మాకు మెయిల్ పెడతారు. ఆ మెయిల్‌కి నేను ఏం రాయను?

తర్వాత బిడ్డింగ్, అంటే ఖాళీ అయిన కౌన్సిల్ ఇంటికి పేరిచ్చుకోవడం. పేరు విని వేలంపాట అనుకోకండి, డబ్బు పెట్టేదేం లేదు. కౌన్సిల్ ఇంటికి ఎదురుచూసేవాళ్ల రిజిస్టర్‌లో పేరెక్కాక, మీ అవసరాన్ని బట్టి మీకు ఒక బ్యాండ్ (తరగతి) ఇస్తారు. ఖాళీ అయిన ఇళ్లు వెబ్‌సైట్‌లో పెడతారు. కావాల్సిన దానికి నొక్కాలి. ఎవరి బ్యాండ్ పైనుంటే, ఎవరు ముందునుంచి ఎదురుచూస్తుంటే వాళ్లకి వస్తుంది. ఈ పద్ధతి నెదర్లాండ్స్‌లో పుట్టింది, అద్దెదారుకి ఎంపిక ఇవ్వాలన్న మంచి ఉద్దేశంతోనే. ఇళ్లుంటే బాగానే ఉండేది. మూడు పడగ్గదుల ఇల్లు ఒక్కటి వస్తే వందలమంది నొక్కుతారు. మీ స్థానం 214 అని స్క్రీన్ మీద కనబడుతుంది. వచ్చే వారం ఇంకో ఇంటికి 198. జనం దాన్ని పరీక్ష ర్యాంకులా చూసుకుని సంతోషపడతారు. వెబ్‌సైట్ తయారుచేసినవాళ్లు బాగా చేశారు, ఫోన్‌లో చక్కగా తెరుచుకుంటుంది. అంతకుమించి చెప్పడానికి లేదు.

రిపేర్లు. దీనికి నక్షత్రాలు ఇచ్చేముందు రెండు సంగతులు. 2017 జూన్ 14 తెల్లవారుజామున పశ్చిమ లండన్‌లోని కౌన్సిల్ బిల్డింగు గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు లేచి 72 మంది చనిపోయారు. అంతకుముందే అక్కడి అద్దెదారులు భద్రత గురించి మొత్తుకుంటూ వచ్చారు. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాటు గోడల బూజు వల్ల ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పసివాడు చనిపోయాడు. తండ్రి ఫిర్యాదు చేస్తే గోడకి రంగు వేసుకోమన్నారు. ఆ పిల్లాడి పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రాణానికి ముప్పున్న రిపేరుకి 24 గంటల్లో రావాలి. పెద్ద చెమ్మ, బూజు అయితే పది పనిదినాల్లో వచ్చి చూడాలి. మా దగ్గర తేడా కనిపిస్తోంది. ఫోన్‌లో 'బూజు' అన్న మాట వినగానే ఇప్పుడు అవతలివాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటున్నారు. కాబట్టి మూడు.

నాలుగు ఇవ్వకపోవడానికి కారణం అద్దెలోనే ఉంది. 2016 నుంచి నాలుగేళ్లు కౌన్సిల్ అద్దె ఏటా ఒక శాతం తగ్గించాలని అప్పటి ప్రభుత్వం చట్టం చేసింది. వినడానికి పేదల పక్షంలా ఉంటుంది. ఆ అద్దెలో చాలాభాగం అప్పటికే హౌసింగ్ బెనిఫిట్ అనే అద్దె సాయం రూపంలో కేంద్రం కడుతున్నదే, కాబట్టి మిగిలింది కేంద్రం ఖజానాకి. తగ్గింది మా రిపేర్ల డబ్బు. పైకప్పు మార్చాల్సిన బ్లాకులకి అతుకులేసి నెట్టుకొచ్చారు. ఆ అతుకుల కింద నీళ్లు కారి ఇప్పుడు నాకు ఫోన్లొస్తున్నాయి. మంచి ఇళ్లు ఇప్పటికీ కట్టగలరని నార్విచ్ కౌన్సిల్ చూపించింది. గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో వంద పైచిలుకు ఇళ్లు, వేడి బయటికి పోకుండా కట్టినవి. 2019లో దేశంలోనే పెద్ద ఆర్కిటెక్చర్ బహుమతి స్టర్లింగ్ ప్రైజ్ వాటికొచ్చింది. వెళ్లి చూశాను. ఇళ్ల వెనక సందులో పిల్లలు ఆడుకోవడానికి చోటు వదిలారు, బట్టలారేసుకోవడానికి తీగలున్నాయి. అసూయపడ్డాను, దాచేదేముంది.

2024లో వచ్చిన లేబర్ ప్రభుత్వం అయిదేళ్లలో పదిహేను లక్షల ఇళ్లన్నది, పదేళ్లకి 39 బిలియన్ పౌండ్లన్నది. 2024 నవంబరులో రైట్ టు బై తగ్గింపుని బాగా కోసేసింది. లండన్‌లో లక్ష పౌండ్లు దాటే తగ్గింపు చాలా బరోల్లో, అంటే కౌన్సిల్ ఏరియాల్లో, 16,000కి దిగింది. స్కాట్లాండ్ 2016లోనే, వేల్స్ 2019లో ఆ పథకాన్ని పూర్తిగా ఎత్తేశాయి. ఇంగ్లండ్ ఎందుకు ఎత్తేయదో నాకు అంతుపట్టదు. పదిహేను లక్షల్లో కౌన్సిల్ అద్దెకి వచ్చేవి ఎన్ని అన్నదే నేను అడిగే ప్రశ్న. 'అఫర్డబుల్' అని రాసుంటే అది మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా ఉండొచ్చు. 2,200లో 80 శాతం మా కౌంటర్‌కొచ్చే వాళ్లెవరికీ అందదు.

ఇది ఎవరికి పనికొస్తుందో కూడా చెప్పాలి, మనవాళ్లు దీన్నే ఎక్కువ అడుగుతారు. స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసాల్లో 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్', అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదు, అని ఉంటుంది. అది ఉన్నంతకాలం కౌన్సిల్ ఇల్లు లేదు, రిజిస్టర్ లేదు. కానీ మా ఏరియాలో ఉన్న ఎవరికైనా ఉచితంగా సలహా ఇవ్వాల్సిందే, అది చట్టం. వీసా చూసి 'నీకేం లేదు' అని తిప్పి పంపిస్తే అది మా తప్పు. ఈస్ట్ హామ్‌లోనో ఇల్ఫర్డ్‌లోనో ఒక ఇంట్లో సర్దుకుంటున్న పిల్లలకి ఒక మాట. వేర్వేరు కుటుంబాలవాళ్లు అయిదుగురో అంతకన్నా ఎక్కువో ఒక ఇంట్లో ఉంటే ఓనర్‌కి హెచ్ఎంఓ లైసెన్సు ఉండాలి. లేకపోతే కట్టిన అద్దె ఏడాది దాకా ట్రైబ్యునల్‌లో వెనక్కి అడగొచ్చు, కొత్త చట్టంలో అది రెండేళ్ల దాకా. ఓనర్ మన ఊరివాడే అయినా సరే. మన ఊరివాడే అయ్యుంటాడు కూడా.

ఇంకోటి, భారతీయ పాస్‌పోర్టుతో ఇక్కడ ఉంటున్నా మీకు ఓటుంది. కౌన్సిల్‌కీ ఉంది, పార్లమెంటుకీ ఉంది. కామన్‌వెల్త్ దేశంవాళ్లం కాబట్టి. పదేళ్లుగా ఇక్కడుండి కౌన్సిల్ టాక్స్ కడుతూ ఓటు నమోదు చేసుకోనివాళ్లు నాకు బోలెడంతమంది తెలుసు. ఎవరికి వేయాలో నేను చెప్పకూడదు. ఇంటికొచ్చిన అభ్యర్థిని మాత్రం గుమ్మంలో నిలబెట్టి అడగండి, మన వార్డులో సోషల్ రెంట్‌కి, అంటే కౌన్సిల్ అద్దె స్థాయిలో, ఇళ్లు ఎన్ని వస్తున్నాయని. అఫర్డబుల్ ఎన్ని అని కాదు, సోషల్ రెంట్ ఎన్ని అని.

ఓనర్ కారణం చెప్పకుండా రెండు నెలల్లో ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసుని 2026 మే 1 నుంచి ఎత్తేశారు. ఇల్లు అమ్ముకుంటానని ఇప్పటికీ ఖాళీ చేయించొచ్చు, దానికి నాలుగు నెలల నోటీసు ఇవ్వాలి. నోటీసు వచ్చిన వారంలోనే మా దగ్గరికి రండి, సామాను సర్దుకున్నాక రాకండి. పాస్‌పోర్టులు, ఈ-వీసా షేర్ కోడ్, అగ్రిమెంటు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చుకోండి. ఇంగ్లీషు ఇబ్బందైతే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. పదేళ్ల పిల్లాడి చేత అనువాదం చేయించకండి, వాడు వినకూడని మాటలు చాలా ఉంటాయి. మీకు సాయం చేయక్కర్లేదని మేం లెటర్ ఇస్తే దాన్ని తిరిగి చూడమని అడిగే హక్కు మీకుంది, గడువు 21 రోజులు. ఆ సంగతి లెటర్ చివరి పేజీలో ఉంటుంది.